పేరు చదివించని తండ్రి

సంగారెడ్డి బజారులో జహూర్‌కు బట్టల దుకాణం ఉండేది. దుకాణం వెనకనే ఇల్లు. పెద్ద గది దాటితే వాకిలి, వాకిలి చివర వంటిల్లు, వంటింటిని ఆనుకుని ఒక చిన్న గది. ఆ గదికి కిటికీ లేదు. వెనక సందులోకి ఒక పొట్టి తలుపు మాత్రం ఉంది. ఏడాది పొడవునా అందులో జొన్నల బస్తాలు, విరిగిన మంచాలు పడి ఉండేవి. షబే బరాత్ పండుగకు ముందు రోజు మాత్రం గది ఖాళీ చేసి, నేల అలికి, గోడలకు సున్నం కొట్టేవాళ్ళు. ఆ రోజును అర్ఫా అంటారు.

అర్ఫా నాడు చనిపోయినవాళ్ళ పేర్లు చదివించి, వాళ్ళకు ఇష్టమైనవి వండి, ఆ వంట ముందు ప్రార్థన చేసి ఫాతెహా ఇస్తారు. ఆ ఏడు పోయినవాళ్ళుంటే వాళ్ళ పేరు తప్పకుండా చదవాలి. చదివితేనే కొత్తగా పోయినవాడు పాతవాళ్ళలో కలుస్తాడని, చదవకపోతే పిలుపు లేని చుట్టంలాగా గడప బయట ఆకలితో నిలబడిపోతాడని అక్కడి పెద్దల నమ్మకం. నిజమెంతో పోయినవాళ్ళకే తెలియాలి. కానీ కన్నవాడి పేరు నోరారా చెప్పడం బతికి ఉన్నవాళ్ళ పని. ఆ పని చేయడానికి ఏ నమ్మకమూ అక్కర్లేదు.

జహూర్ భార్య అనీస్ బేగం ఆ ఇంటికి కోడలుగా వచ్చి తొమ్మిదేళ్ళయింది. ప్రతి అర్ఫాకూ తండ్రి పేరు చదివించింది. షేక్ అవద్ బిన్ సాలం, అరబ్బు జమాదారు.

అలాంటి మనిషి భూమ్మీద పుట్టనే లేదు.

అనీస్ తండ్రి సీదీ షంషేర్. నిజాం కొలువులో హబ్షీ రిసాలా అని ఒక గుర్రపు దళం ఉండేది. షంషేర్ తాతను సముద్రం అవతలి నుంచి, ఆఫ్రికా గడ్డ మీద నుంచి తెచ్చారు. షంషేర్ నల్లగా, నిటారుగా, ఉంగరాల జుట్టుతో ఉండేవాడు. కర్దనూరు నుంచి కూలికి వచ్చిన ముత్యమ్మను మనువాడాడు. ముత్యమ్మ జైతూన్ బీ అయింది. వాళ్ళకు పుట్టిన ఒక్కగానొక్క పిల్ల అనీస్. రంగు తల్లిది, ముఖం తండ్రిది, జుట్టు తండ్రిది.

తల్లి పోయాక షంషేర్ పిల్లను, ఆడపిల్లలకు పాఠాలు చెప్పే ఒక ఉస్తానీ ఇంట్లో ఉంచి చదివించాడు. సంబంధం చూసింది కూడా ఆ ఉస్తానీయే. "హబ్షీ బిడ్డ అంటే ఎవరూ చేసుకోరు, అరబ్బు జమాదారు బిడ్డ అని చెప్పుదాం, తండ్రి పోయిండందాం" అన్నది. షంషేర్ సరేనన్నాడు. నిఖా నాడు ఖాజీ గట్టిగా "అవద్ బిన్ సాలం కూతురు" అని చదువుతుంటే, షంషేర్ వీధిలో పెండ్లివారి బగ్గీ గుర్రాల కళ్ళేలు పట్టుకుని నిలబడ్డాడు. బిడ్డ బగ్గీ ఎక్కేటప్పుడు తల వంచుకున్నాడు. అనీస్ తల తిప్పుకుంది.

అబద్ధం ఒకసారి ఆడి ఊరుకుంటే ఊరుకోదు. దానికి రోజూ ఇంత పెట్టి పోషించాలి. అత్త సర్వర్ బేగంకు వంశాల ముచ్చట్లంటే ప్రాణం.

"మీ అబ్బాజాన్ ఎట్ల ఉండేవాడు దుల్హన్?" అని అడిగేది.

"ఊద్ అత్తరు పూసుకునేవాడు అమ్మీజాన్. వాకిట్లోకి రాకముందే వాసన వచ్చేది."

ఇంకో రోజు, గడ్డానికి గోరింట పెట్టేవాడంది. మరో రోజు, గడప దాటే ముందు రెండు మార్లు దగ్గేవాడంది. ఎడమ చేతికి చిటికెన వేలు లేదని, లడాయిలో తెగిందని కూడా చెప్పింది. చెప్పేటప్పుడు కళ్ళముందు మనిషి కదలాడేవాడు. అతని ముఖం ఎలా ఉండేదో మాత్రం అత్త అడగలేదు. అనీస్ చెప్పలేదు.

అనీస్‌కు ఆరేళ్ళ కూతురుంది. పేరు కౌసర్. తాతను ఒక్కనాడూ చూడలేదు. అయినా నెత్తి మీద జుట్టు మొలిస్తే చాలు, మిరియాల్లా చుట్టలు చుట్టుకునేది. దర్గాకు మొక్కు ఉందని చెప్పి అనీస్ నెలనెలా గుండు గీయించేది.

"ఏం మొక్కు దుల్హన్ ఇది? ఇన్నిసార్లు గీస్తే బండరాయి కూడా నున్నగయ్యేది" అని సర్వర్ బేగం ఎగతాళి చేసేది.

ఇంకొకటి కూడా ఉంది. కౌసర్ అన్నానికి కూర్చుంటే పళ్ళెం అంచు మీద వేళ్ళతో తాళం వేసేది. రెండు దెబ్బలు, ఆగి ఒకటి, మళ్ళీ మూడు గబగబా. షంషేర్ రిసాలా పెండ్లిళ్ళలో మర్ఫా డప్పుల మీద వాయించే తాళం అది. ఎవరూ నేర్పలేదు. అనీస్ చెయ్యి మీద కొట్టి మాన్పించేది.

పోలీసు చర్య తరువాత రిసాలాను ఎత్తేశారు. షంషేర్ పటాన్‌చెరు చేరి, గుర్రాలకు నాడాలు కొట్టే మొగులయ్య పంచన ఉండి టాంగా గుర్రాలను చూసుకునేవాడు. సంగారెడ్డికి ఎంతో దూరం లేదు. ఒక్కసారి కూడా రాలేదు. రావద్దని బిడ్డ కబురు పంపింది.

ఆ చలికాలంలో ఒకనాడు పొద్దున మొగులయ్య దుకాణం పక్క నుంచి వాకిట్లోకి వచ్చి నిలబడ్డాడు. సర్వర్ బేగం మంచం మీద కూర్చుని తమలపాకులు తుడుస్తోంది.

"అనీస్ బిడ్డ ఉన్నదా అవ్వా?"

"ఎవరు నువ్వు?"

"పటాన్‌చెరు నుంచి వచ్చిన. మొగులయ్య అంటరు. షంషేర్ భాయ్ పోయిండని చెప్పిపోదామని..."

అనీస్ అప్పుడే లోపలి నుంచి వచ్చింది. అత్త ముఖం చూసింది. మొగులయ్య ముఖం చూసింది.

"నువ్వెవరో నాకు తెల్వది. ఆ షంషేర్ ఎవరో తెల్వది. ఇల్లు తప్పి వచ్చినవు" అంది.

మొగులయ్య తలకు చుట్టిన తువ్వాలు విప్పి మళ్ళీ చుట్టుకున్నాడు. "అవునమ్మా. ఇల్లు తప్పిన" అని వెనక్కి తిరిగాడు.

అనీస్ చెత్త పారేసే వంకతో వెనక సందులోకి వెళ్ళి అతన్ని ఆపింది.

"ఎప్పుడు మామా?"

"మొన్న శుక్రవారం. జ్వరమొచ్చింది. మీవాళ్ళు నలుగురొచ్చి మట్టి చేసిండ్రు. మంచిగనే చేసిండ్రు." గొంతు తగ్గించాడు. "బిడ్డా, ఒక్కటే అడుగుత. మీ పండుగకు పేరు చదివిస్తరట గద. ఆయన పేరు చదివియ్యి. ఇంకేమడగలే మీ అయ్య. ఆయన తిన్న ఇత్తడి పళ్ళెం నా తాన ఉన్నది, నీకే ఇయ్యమన్నడు."

"నీ దగ్గరనే ఉంచు. ఇగ ఇక్కడికి రాకు మామా. నన్ను ఎరుగనట్టే ఉండు."

"ఎట్లుంటరు బిడ్డా ఎరుగనట్టు? నిన్ను భుజాల మీద మోసిన. నీ మొఖం చూస్తే షంషేర్ భాయే కనబడుతడు."

"కనబడొద్దు" అంది అనీస్.

ఇంట్లోకి వచ్చి రొట్టెల పిండి కలిపింది. ఏడుపు రాలేదు. వస్తుందేమోనని రాత్రి దాకా ఎదురుచూసింది. రాలేదు.

అర్ఫా వచ్చింది. ఎండలు ముదిరాయి. జహూర్ మగవాళ్ళతో కలిసి సమాధులకు సున్నం కొట్టడానికి పోయాడు. అనీస్ పొద్దుటి నుంచి వండుతూనే ఉంది. సెనగపిండి హల్వా, గోధుమ రొట్టెలు. అందరి వంటా అయ్యాక, ఎవరూ చూడకుండా ఒక జొన్నరొట్టె చేసింది. ఎల్లిపాయ కారం నూరింది. తల్లి కర్దనూరు వంట అది. షంషేర్ ప్రాణం పెట్టి తినేవాడు. ఆ ఒక్కటీ ఇంకో పళ్ళెంలో పెట్టింది. ఈసారి పేరు చెప్పాలనే అనుకుంది. మెల్లగానైనా సరే, పెదవులు కదిపైనా సరే.

మధ్యాహ్నం జొహర్ నమాజు అయ్యాక ముల్లా గులాం రసూల్ వచ్చాడు. చిన్న గదిలో తెల్ల గుడ్డ పరిచి పళ్ళేలు వరసగా పెట్టారు. కుంపటి నిప్పుల మీద లోబాన్ సాంబ్రాణి పొగ లేచింది. ముల్లా మొదట జహూర్ వాళ్ళ వంశం పేర్లు చదివాడు. తరువాత తల ఇటు తిప్పి అడిగాడు.

"దుల్హన్ తరఫున?"

పరదా వెనక నుంచి అనీస్ అంది. "షేక్ అవద్ బిన్ సాలం."

"ఈ ఏడు పోయినోళ్ళు ఎవరన్న ఉన్నరా?"

అనీస్ నోరు తెరిచింది. పరదా వెనకనే అత్త ఆమె మోచేతికి మోచెయ్యి తగిలేంత దగ్గరగా కూర్చుని ఉంది.

"ఆ రెండో పళ్ళెం ఎవరికి దుల్హన్? జొన్నరొట్టె పెట్టినవేంది?" అని గుసగుసగా అడిగింది.

"అది కూడా అబ్బాజాన్‌కే. ఆయనకు ఇష్టం" అంది అనీస్.

"అది కూడా అవద్ బిన్ సాలంకే" అని సర్వర్ బేగం ముల్లాకు వినబడేలా చెప్పింది.

ముల్లా చదివాడు. చేతులు ముఖానికి రాసుకున్నారు. అయిపోయింది.

లేని మనిషికి అన్నం పెట్టడం ఒక తప్పు. ఉన్న మనిషి అన్నం తీసి లేని మనిషికి రాసివ్వడం దానికన్నా పెద్ద తప్పు. చేసేటప్పుడు మనిషికి ఇవన్నీ తోచవు. నోరు జారడానికి ఎంతసేపు పడుతుంది?

ఆ ఇంటి పద్ధతి ఒకటుంది. ఫాతెహా అయ్యాక గది తలుపు దగ్గరికి వేసి, నిప్పులు ఆరేదాకా పళ్ళేలు కదపరు. పిల్లి ముట్టకుండా కోడలు లోపల కూర్చోవాలి. ముల్లా వెళ్ళిపోయాడు. అత్త కౌసర్‌ను పక్కన వేసుకుని పెద్ద గదిలో నడుం వాల్చింది. అనీస్ గోడకు ఆనుకుని కూర్చుంది.

బయట మిట్టమధ్యాహ్నం. బజారు మూసేశారు. కాకి కూడా అరవడం లేదు. లోపల మాత్రం చీకటి. తలుపు సందులోంచి వచ్చే వెలుగు గీత నేల మీద సన్నగా పడి ఉంది. పచ్చి సున్నం వాసన. లోబాన్ వాసన. జొన్నరొట్టె మీది ఎల్లిపాయ కారం వాసన. కుంపటిలో నిప్పులు ఎర్రగా కనబడి, బూడిద కప్పుకుని, మళ్ళీ కనబడుతున్నాయి. చెమట మెడ మీద నుంచి వీపు మీదికి జారుతోంది. ఆమె తుడుచుకోలేదు.

వెనక సందు తలుపు మీద చప్పుడయింది.

వేళ్ళతో కొట్టిన చప్పుడు. రెండు దెబ్బలు. ఆగి ఒకటి. మళ్ళీ మూడు, గబగబా.

అనీస్ కదలలేదు. కౌసరే కొడుతోందనుకుంది. కానీ కౌసర్ పెద్ద గదిలో అత్త పక్కన ఉంది... ఆ చప్పుడు పిల్ల చెయ్యి అందే ఎత్తులో కూడా లేదు. పొట్టి తలుపు పై అంచు దగ్గర వినబడుతోంది. పొడుగాటి మనిషి వంగి నిలబడి కొడుతున్నట్టుంది.

మళ్ళీ. రెండు. ఒకటి. మూడు.

తలుపుకు గడియ వేసి లేదు. పొద్దున అలికినప్పుడు నీళ్ళు పోవాలని తీసి, మరిచిపోయారు. తోస్తే తెరుచుకుంటుంది. కానీ ఎవరూ తోయడం లేదు. పిలుపు లేనిదే గడప దాటని మర్యాదస్తుడెవరో అడుగుతున్నట్టు, వేళ్ళు మాత్రం పలుకుతున్నాయి.

"అబ్బా..." అని తండ్రిని పిలిచింది అనీస్. గాలి తప్ప గొంతు రాలేదు.

చప్పుడు ఆగింది. విన్నట్టే ఆగింది. తరువాత మళ్ళీ మొదలైంది, ఈసారి తాళం లేకుండా. తొందర తొందరగా. అరచేతులతో. తలుపు చెక్కలు అదురుతున్నాయి. కోపంతో వచ్చాడనుకుంది ఆమె. పేరు చదివించలేదని, రొట్టె పరాయివాడికి ఇచ్చిందని, ఇప్పుడు లోపలికి వచ్చి...

అత్త లేస్తుంది. వీధి లేస్తుంది. అందరికీ తెలుస్తుంది.

అనీస్ లేచి నాలుగడుగులు వేసి గడియ వేసేసింది.

చప్పుడు ఒక్కసారిగా ఆగిపోయింది. తలుపు అవతల ఎవరో మెల్లగా నిట్టూర్చారు. ఆ తరువాత ఏమీ లేదు.

అనీస్ తలుపుకు నుదురు ఆనించి నిలబడింది. పోయాడు. ఇంకేం లేదు. గుండె నెమ్మదించింది.

అప్పుడు వాసన వచ్చింది.

సున్నం కాదు. లోబాన్ కాదు. ఊద్ అత్తరు. చిక్కగా, తీయగా, గొంతులో అడ్డం పడేలా. ఆ ఇంట్లో ఊద్ అత్తరు ఎవరి దగ్గరా లేదు.

ఆమె వెనక, గదిలోనే, ఎవరో దగ్గారు. రెండు మార్లు.

అనీస్ తిరగలేదు. నమిలే చప్పుడు వినబడుతోంది. ఎండు జొన్నరొట్టె విరిచిన చప్పుడు... నమిలే చప్పుడు... మింగిన చప్పుడు. తొందర లేదు. తొమ్మిదేళ్ళు పెట్టినచోట తినే మనిషికి తొందరేముంది?

తరువాత తిరిగింది. ఎందుకు తిరిగిందో ఆమెకూ తెలియదు.

కుంపటి వెలుగులో పళ్ళెం దగ్గర చెయ్యి కనబడింది. ఎడమ చెయ్యి. నాలుగు వేళ్ళు. చిటికెన వేలు ఉండాల్సినచోట నున్నగా ఉంది. చెయ్యి పైన తెల్ల బట్ట. దాని పైన గోరింట పెట్టిన గడ్డం. గడ్డం పైన...

ఆమె చెప్పినవన్నీ ఉన్నాయి. చెప్పని ముఖం మాత్రం లేదు.

సున్నం కొట్టిన గోడలాగా ఉంది అక్కడ.

అరవాలనుకుంది. నాలుగు వేళ్ళ చెయ్యి మెల్లగా లేచింది. ఆమె గడ్డం కింద చల్లగా తగిలింది. పెండ్లిచూపుల్లో పెద్దవాళ్ళు పిల్ల ముఖం వెలుగులోకి తిప్పినట్టు, ఆమె ముఖాన్ని నిప్పుల వైపు తిప్పింది. ఇటు... అటు... పోలిక వెతుకుతున్నట్టు.

"ఎవరి పోలిక?" అని వినబడింది. నోరు లేనిచోటి నుంచి.

అనీస్ కళ్ళు మూసుకుంది. తలుపు అవతల ఉన్న మనిషి ఇంకోసారి కొడితే బాగుండునని అనుకుంది. గడియ వేసింది తనే.

జహూర్ తిరిగొచ్చి వాకిలి వైపు తలుపు తీసేసరికి నిప్పులు ఆరిపోయి ఉన్నాయి. అనీస్ గోడకు ఆనుకుని కూర్చుని ఉంది. హల్వా పళ్ళేలన్నీ ఎట్లా పెట్టినవి అట్లాగే ఉన్నాయి. జొన్నరొట్టె పళ్ళెం మాత్రం కడిగి తుడిచినట్టుంది.

"పిల్లి తిన్నదా?" అంది అత్త.

"అవును" అంది అనీస్.

ఆ రాత్రి పండుగ దీపాలు పెట్టింది. మరునాడు బట్టలు ఉతికింది. ఒళ్ళు తనదే, పని తనదే, చేస్తున్నది మాత్రం ఎవరో అన్నట్టుండేది. భయం కూడా ఒకటి రెండు రోజుల్లో చల్లారిపోయింది. ఏడుపు వస్తుందేమోనని ఎదురుచూడటం మానేసింది.

కౌసర్‌కు మళ్ళీ జుట్టు మొలిచింది. ఈసారి చుట్టలు చుట్టుకోలేదు. పట్టులాగా, నీళ్ళలాగా జారుతూ వచ్చింది. తొలకరి నాటికి చెవుల దాకా దిగింది. దువ్వెన పెడితే ఎక్కడా చిక్కు పడేది కాదు. దువ్వినప్పుడల్లా సన్నగా ఊద్ వాసన.

"చూసినవా, మొక్కు ఫలించింది!" అని సర్వర్ బేగం ఇరుగుపొరుగును పిలిచి చూపించింది. "అరబ్బు నెత్తురు ఇప్పటికి బయటపడ్డది. నీ మొఖం కూడ తేటపడ్డది దుల్హన్, ఏం పూస్తున్నవేంది?"

ఏమీ పూయడం లేదంది అనీస్. కోరినవన్నీ దొరికాయి. కౌసర్ పళ్ళెం ముందు చేతులు కదపకుండా బుద్ధిగా తింటోంది. దెబ్బ వేయాల్సిన పని లేదు. ఒకనాడు అనీస్ తనే పళ్ళెం అంచు మీద తాళం వేసి పిల్ల వైపు చూసింది. పిల్ల తల్లి వేళ్ళను వింతగా చూసి, నీళ్ళు తాగి లేచిపోయింది.

వానలు వెనకపట్టాక ఒక సాయంత్రం వెనక సందులో గుర్రం సకిలించింది. అనీస్ చిన్న గది తలుపు గడియ తీసి చూసింది. మొగులయ్య. ఒక చేత్తో కుంటి గుర్రం కళ్ళెం పట్టుకున్నాడు, ఇంకో చేతిలో కట్టె. వీపు మీద గుడ్డలో కట్టిన పళ్ళెం మూట. సందులో ఇంకెవరూ లేరు. అనీస్ ముఖం మీది కొంగు తీసేసింది.

మొగులయ్య ఆమెను నిండా చూశాడు.

"అమ్మా, అనీస్ బిడ్డ ఇంట్ల లేదా? జెర పిలుస్తరా? నేను రావద్దన్నది గాని, జోగిపేటకు నా కొడుకు తానికి పోతున్న, ఇగ మళ్ళ రాను. ఆమె సొమ్ము ఆమెకిచ్చి పోదామని."

"నేనే మామా."

మొగులయ్య నవ్వాడు, పెద్దమనిషి తప్పును కప్పిపుచ్చే నవ్వు. "పరాచకాలొద్దమ్మా. భుజాల మీద మోసిన పిల్ల, వెయ్యిమందిల ఉన్నా పోల్చుకుంట. అచ్చం తండ్రి మొఖం ఆమెది."

"నేనే మామా. నేను..." ఆమె గడప దాటి సందులోకి వచ్చింది. ఇప్పుడు అత్త విన్నా సరే, వీధి విన్నా సరే. పేరు చెబితే చాలు. ఒక్క పేరు. "నేను ఆయన బిడ్డనే. మా అబ్బా పేరు..."

నోరు తెరిచింది.

"షేక్ అవద్ బిన్ సాలం" అంది నోరు.

మళ్ళీ ప్రయత్నించింది. మళ్ళీ అదే వచ్చింది. చెప్పాల్సిన నాడు చెప్పని పేరు, చెప్పాలనుకున్న నాడు నోటికి రాదు.

మొగులయ్య తల ఊపాడు. "ఇల్లు తప్పిన అమ్మా. ఏమనుకోకు" అని గుర్రాన్ని తిప్పుకున్నాడు.

అనీస్ అక్కడే నిలబడి చూసింది. అతని ఒక చెయ్యి కళ్ళెం మీద ఉంది. ఇంకో చెయ్యి కట్టె మీద ఉంది. వీపు మీది మూటలో ఇత్తడి పళ్ళెం మోగుతోంది. రెండు దెబ్బలు. ఆగి ఒకటి. మళ్ళీ మూడు, గబగబా.

సందు మలుపు దగ్గర ఆ మోత ఒక్క క్షణం ఆగింది, ఎవరో వెనక్కి తిరిగి చూసినట్టు. మొగులయ్య మాత్రం ఆగలేదు, తిరగలేదు. తరువాత మోత మళ్ళీ మొదలై, అతని వెంటనే పోయింది.